వైర్ ఖలాస్

విమానాల మరమ్మతులోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు కువైట్‌లోని ఫహాహీల్ బజారులో ఎక్కడైనా కలిస్తే నన్ను లైసెన్సుల గురించి అడుగుతారు. ఏ పరీక్ష ముందు రాయాలి, ఏ కంపెనీ మంచిది, ఇక్కడ ఉండటానికి కావలసిన ఇఖామా ఎవరు చేయిస్తారు. ఆ సంగతులు నాకంటే బాగా తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది పని గురించి. అది కూడా ఉద్యోగమంతా ఏకరువు పెట్టను. రిటైరయ్యాక, ఇక నేర్చుకునేది పెద్దగా ఏమీ ఉండదనుకుంటున్న రోజుల్లో, ఒక ఉదయం జరిగింది చెబుతాను.

నాది అమలాపురం దగ్గర పల్లె. కుర్రతనంలో కువైట్ వచ్చి ఒక విమాన సంస్థ హ్యాంగర్లో చేరాను. రిటైరయ్యాక కూడా ఇక్కడే, ఫింటాస్‌లో ఉంటున్నాను. నా భార్య ఇక్కడి ఆస్పత్రిలో నర్సు, ఆవిడ ఉద్యోగం ఇంకా ఉంది. నా పని రిగ్గింగ్. అంటే విమానం రెక్కల్నీ తోకనీ కదిలించే ఉక్కు తీగల్ని సరైన బిగువులో ఉంచడం. మరీ బిగిస్తే చట్రం మీద ఒత్తిడి పడుతుంది. వదిలేస్తే పైలట్ చెప్పింది రెక్కకి ఆలస్యంగా వినబడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి జాగాలోనే నా జీవితం గడిచింది.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. గాలి ఎటు వీచింది, ఏ విమానానికి ఏం చేశాం, ఎవరేమన్నారు, అంతకు మించి వాటిలో ఏమీ ఉండదు. ఇక్కడ మాటలు దాదాపు అన్నవి అన్నట్టే ఉన్నాయంటే ఆ అలవాటు వల్లే.

సలీం సాబ్ చూసే పద్ధతి

మా మొదటి ఫోర్‌మన్ కరాచీ మనిషి, సలీం సాబ్. ఆయనకి కోపం తక్కువ, అనుమానం ఎక్కువ. ఎవరైనా పని ముగించి పిలిస్తే వెంటనే వచ్చేవాడు కాదు. ముందు ఆ మనిషిని టీ తాగి రమ్మని పంపేసేవాడు. వాడు కనుచూపు దాటాక వచ్చి పని చూసేవాడు.

మాకది అవమానంగా ఉండేది. నమ్మకం లేదా సాబ్ అని ఒకసారి అడిగేశాను. నమ్మకం ఉండటం వల్లే పంపేస్తున్నానని అన్నాడు. నువ్వు పక్కన నిలబడితే నేను నీ మొహం చూస్తాను, నీ మొహం బాగుంటే నీ పని కూడా బాగున్నట్టే కనబడుతుంది, అన్నాడు. తీగకి మొహం ఉండదు కదా, అందుకని దాన్ని ఒంటరిగా చూడాలట.

నేను పనిచేసిన పై అధికారుల్లో చదువుకున్నవాళ్లు ఉన్నారు, మర్యాదస్తులు ఉన్నారు, నా పిల్ల పెళ్లికి సెలవిచ్చి టికెట్ కూడా ఇప్పించినవాడు ఉన్నాడు. కాని పని నేర్పినవాడు ఎవరంటే సలీం సాబ్ పేరే చెబుతాను.

పెట్టెల్లో వచ్చిన పావురం

రిటైరయ్యాక ఒక కువైటీ పెద్దమనిషి నన్ను పిలిపించాడు. అందరూ ఆయన్ని బూ ఫహద్ అంటారు. ఊరికి దూరంగా పెద్ద షెడ్డు, దాన్నిండా పాత కార్లు. ఆయన యూరప్ నుంచి ఒక విమానం కొన్నాడు. కొన్నాడు అంటే తయారైన విమానం కాదు. ఎవరో సగం కట్టి వదిలేసిన నకలు, పెట్టెల్లో వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జర్మన్ సైన్యం వాడిన గూఢచారి విమానానికి అది నకలు. ఆ విమానానికి జర్మన్ భాషలో టౌబె అని పేరు. పావురం అని అర్థం. చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో చెప్పక్కర్లేదు. రెక్కల కొసలు వెనక్కి వంగి ఉంటాయి, తోక విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. ముందు ఒక సీటు, దాని వెనక పైలట్ సీటు. మొదట్లో దానికి తుపాకీ కూడా లేదు. ముందు సీట్లో ఒక అధికారి కూర్చునేవాడు. శత్రు సైన్యం ఎక్కడుందో, ఎటు కదులుతోందో కిందికి చూసి వచ్చి చెప్పాలి. చూడటమే అతని ఉద్యోగం. రెక్కల మీద గుడ్డ పల్చనిది కావడంతో కాస్త ఎత్తుకు వెళ్లాక కింద ఉన్నవాళ్లకి విమానం ఆకాశంలో కలిసిపోయినట్టు ఉండేదట.

నాకు ఆసక్తి కలిగించింది దాని రెక్క. ఇప్పటి విమానాలకి రెక్క వెనక అంచున చిన్న పలక ఉంటుంది. అది కదిలితే విమానం పక్కకి ఒరుగుతుంది. దీనికి ఆ పలక లేదు. పైలట్ చేతిలో చక్రం తిప్పితే రెక్క కొస మొత్తం మెలి తిరుగుతుంది. అందుకోసం రెక్క పైనా కిందా తీగలే తీగలు. ఇన్ని తీగలున్న విమానం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వారానికి మూడు రోజులు రమ్మంటే ఏడు రోజులూ రమ్మన్నా వస్తానని మనసులో అనుకున్నాను.

బూ ఫహద్ దాన్ని అరబ్బీలో హమామా అని పిలిచేవాడు, పావురం అనే అర్థంలో. మనవాళ్లకి హమ్మాం అంటే బాత్రూమే కదా. ఆ షెడ్డులో పనిచేసే ఓబులేసు ఇంటికి ఫోన్ చేసి, హమామా పని చేస్తున్నానని గొప్పగా చెప్పాడట. అంతదూరం పోయి బాత్రూములు కడగడమేందని అతని భార్య ఏడుపు. విమానం ఫోటో పంపితే గాని ఆమె నమ్మలేదు.

ఓబులేసు, డిమెల్లో

ఓబులేసుది రాయచోటి దగ్గర. కువైట్ వచ్చి చాలాకాలం ఖైమాలు కుట్టే చోట పనిచేశాడు. శీతాకాలంలో ఇక్కడివాళ్లు ఎడారిలో వేసుకునే పెద్ద డేరాలనే ఖైమాలంటారు. గాలికి డేరా లేచిపోకుండా తాడు ఎంత లాగాలో, ఎంత వదలాలో అతని చేతికి అలవాటైంది. నేను నేర్పిన తీగ పని తొందరగా పట్టుకున్నాడు. అయితే తాడుకీ ఉక్కు తీగకీ తేడా ఉంటుందని అతన్ని ఒప్పించడానికి చాలా తంటాలు పడ్డాను. బిగించాక ఒక దెబ్బ కొట్టి చూసేవాడు, డేరా గుంజని కొట్టినట్టు.

షెడ్డు మేనేజర్ డిమెల్లో, గోవా మనిషి. పాత కార్లకి జీవం పోయడంలో ఆయన్ని మించినవాడు లేడు. పనివాళ్లతో హిందీలో మాట్లాడేవాడు, తిట్టేవాడు కాదు. ఒకటే ఇబ్బంది. ఆయన చెవి దగ్గర ఎప్పుడూ ఫోన్ ఉండేది. మనం చెప్పేది సగం విని మిగతా సగం మన మొహంలో చదువుకునేవాడు.

ఇక్కడ ఒక చిన్న వస్తువు గురించి చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. తీగ బిగువు సర్దడానికి మధ్యలో ఒక ఇత్తడి గొట్టం ఉంటుంది. టర్న్‌బకిల్ అంటాం. దాని రెండు కొసల్లోనూ మరలు ఉంటాయి. ఒకవైపు తిప్పితే తీగ బిగుస్తుంది, రెండోవైపు తిప్పితే వదులవుతుంది. బిగువు సరిపోయాక సన్నటి లాక్ వైర్ గొట్టంలోని రంధ్రంలోంచి దూర్చి, రెండువైపులా చుట్టి కట్టాలి. అది కట్టకపోతే ఇంజిన్ అదురుకి గొట్టం తనంతట తనే వెనక్కి తిరుగుతుంది. తిరిగి తిరిగి చివరికి ఊడిపోతుంది. రెక్క మెలి తిప్పే తీగ గాల్లో ఊడితే ఇక పైలట్ చేసేదేమీ ఉండదు.

ఆ వారం ఓబులేసు కుడి రెక్కకి లాక్ వైర్ కట్టడం పూర్తి చేశాడు. ఎడమ రెక్క మొదలుపెట్టబోతే వైరు చుట్ట అయిపోయింది. నేను ఆ రోజు షెడ్డుకి వెళ్లలేదు. తర్వాత ఇద్దర్నీ విడివిడిగా అడిగి తెలుసుకున్నది ఇక్కడే చెప్పేస్తాను.

ఓబులేసు మేనేజర్ దగ్గరికి వెళ్లి హిందీలో, "సాబ్, వైర్ ఖలాస్," అన్నాడు. ఫోన్‌లో ఉన్న డిమెల్లో తలూపి, "ఖలాస్? గుడ్. ఖలాస్," అన్నాడు.

గల్ఫ్‌లో ఉన్న మనందరి నోట్లో రోజుకి వందసార్లు నలిగే మాట అది. పని ముగిసినా ఖలాసే. సరుకు నిండుకున్నా ఖలాసే. ఇక చాల్లే, వదిలెయ్ అన్నా ఖలాసే. చుట్ట నిండుకుందని ఓబులేసు చెప్పాడు. కట్టడం ముగిసిందని డిమెల్లో విన్నాడు. ఆయన బదులుగా అన్న ఖలాస్‌ని ఓబులేసు ఇవాళ్టికి వదిలెయ్, మేం తెప్పించి కట్టిస్తాం అని అర్థం చేసుకున్నాడు. ఇద్దరూ తృప్తిగా ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఇంజిన్ పరీక్ష అన్నారు

షెడ్డుకి దగ్గర్లో ఎడారిలో ఉన్న ఒక ప్రైవేటు రన్‌వే మీదికి విమానాన్ని రెక్కలతో సహా మెల్లిగా లాక్కొచ్చారు. ఇంజిన్ మాత్రం పాతది కాదు, ఇప్పటిదే. పైలట్ కెప్టెన్ యూసుఫ్, విమాన సంస్థలో చేసి రిటైరైన కువైటీ. మాటలు తక్కువ. నాకు ఆయన మీద గౌరవం, ఎందుకంటే ఎక్కే ముందు చక్రాలు తన్ని చూసే రకం కాదు. చేత్తో తడిమి చూస్తాడు.

ఆ ఉదయం చలిగా ఉంది. గాలి వాయవ్యం నుంచి సన్నగా వీస్తోంది. దూరంగా శీతాకాలపు డేరాలు తెల్లగా కనబడుతున్నాయి. ఇవాళ ఇంజిన్ నడిపి చూడటం మాత్రమే, విమానం కదలదు, అని డిమెల్లో నాకు చెప్పాడు. ఎగరడం వచ్చే వారం. అందుకే నేను తొందరపడకుండా కుడి రెక్క నుంచి చూసుకుంటూ వస్తున్నాను. లాక్ వైర్లన్నీ కుదురుగా ఉన్నాయి. ఓబులేసు చెయ్యి మెరుగుపడిందని సంతోషించాను. కుడి రెక్క ముగించేసరికి బూ ఫహద్ అతిథులు వచ్చేశారు. వరసగా కార్లు, ఖహ్వా అనే అరబ్బీ కాఫీ ఫ్లాస్కులు, ఫోన్ల కెమెరాలు.

డిమెల్లో నా దగ్గరికి వచ్చి యల్లా, యల్లా అంటూ తొందర పెట్టాడు. ఎడమవైపు చూడలేదన్నాను. అది కూడా ఖలాస్, ఓబులేసే చెప్పాడు, అన్నాడు. ఇంజిన్ పరీక్షే కదా, చక్రాలకి దుంగలు అడ్డం ఉంటాయి కదా, తర్వాత చూస్తానని ఊరుకున్నాను.

ముందు సీటు ఖాళీగా ఉంటే బరువు సమంగా ఉండదని కెప్టెన్ అన్నాడు. ఎవర్ని కూర్చోబెడదామన్న మాట వచ్చింది. తీగలు కట్టినవాడే కూర్చుంటే సరి, అన్నాడాయన నవ్వకుండా. అది మంచి పద్ధతే. టీ తాగుతున్న ఓబులేసుని పిలిచి, మెడకి మఫ్లర్ చుట్టి ఎక్కించేశారు. ఎక్కుతూ నావైపు చూసి, "మా యమ్మకి ఫోటో తియ్యండి పెద్దసారూ," అన్నాడు.

రెక్కల కొసలు పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ఎడమ కొస నేనే పట్టుకుంటానన్నాను. ప్రొపెల్లర్ గాలికి ఆ రెక్క ఎలా వంగుతుందో చేత్తో తెలుసుకోవాలని నా కోరిక. టర్న్‌బకిల్స్ ఉన్నది రెక్క మధ్యలో, కింద, నీడలో. కొస దగ్గర నిలబడితే అవి కనబడవు.

ఇంజిన్ మొదలైంది. నా అరచేతుల కింద రెక్క గుడ్డ సన్నగా వణకడం మొదలుపెట్టింది. కెప్టెన్ చక్రం అటూ ఇటూ తిప్పినప్పుడు కొస నా చేతుల్లో పైకీ కిందికీ మెలి తిరిగింది. ప్రాణమున్న దాన్ని పట్టుకున్నట్టే ఉంది. కొన్నాళ్లు ఇంటికి పోకుండా ఉండిపోయినా ఫరవాలేదనిపించింది.

కాసేపటికి బూ ఫహద్ నడుచుకుంటూ వచ్చి కెప్టెన్‌తో ఏదో అన్నాడు. కెప్టెన్ గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం వైపు చూశాడు, రన్‌వే వైపు చూశాడు, తలూపాడు. గాలి ఎదురుగా ఉంది, బాట తిన్నగా ఉంది, ఒక్కసారి చక్రాలు నేల విడిచేదాకా వెళ్లి దిగుతానని ఒప్పుకున్నాడట. నాకు ఆ మాటలు వినబడలేదు. నేను చూసింది చక్రాల ముందు పెట్టిన దుంగల్ని ఒకతను లాగేయడం.

అది ఇంజిన్ పరీక్ష కాదని అప్పుడు తెలిసింది. ఎడమ రెక్క ఎవరూ చూడలేదని కూడా గుర్తొచ్చింది.

రెక్క కొస

అదే సమయంలో ఓబులేసు ముందు సీట్లోంచి ఎడమవైపు వంగి చూశాడు. ఆ చోటు నుంచి రెక్క కింది తీగలు కనబడతాయి. ఎవరో వచ్చి కట్టి ఉంటారనుకున్న వైరు అక్కడ లేదు. అంతకంటే ఘోరం, ఇత్తడి గొట్టం ఆ నీడలో మెల్లిగా దానంతట అదే తిరుగుతోంది.

అతను రెండు చేతులూ ఎత్తి ఊపడం మొదలుపెట్టాడు. ఎదురుగా నిలబడ్డ డిమెల్లో కూడా నవ్వుతూ చెయ్యి ఊపాడు. అతిథులు ఫోన్లు పైకెత్తారు. ఇంజిన్ ఇంకా నెమ్మదిగానే తిరుగుతోంది కాబట్టి ఓబులేసు అరుపు వినబడింది.

"సాబ్! వైర్ ఖలాస్! వైర్ ఖలాస్!"

డిమెల్లో బొటనవేలు పైకెత్తి చూపించాడు. వైర్ పని పూర్తయిందని ఆ కుర్రాడు గర్వంగా అరుస్తున్నాడని ఆయన లెక్క. పక్కనున్న అతిథి ఒకాయన చప్పట్లు కొట్టాడు. నిజం చెప్పాలంటే నా చెవికి కూడా ఆ మాట అలాగే వినబడింది. కుడి రెక్క అంత చక్కగా కట్టినవాడు అలా అరవడంలో వింత లేదనుకున్నాను. కాని మొహం చూస్తే తేడాగా ఉంది.

ఇంజిన్ హోరు పెరిగింది. విమానం కదిలింది. కొస పట్టుకుని నేనూ పక్కన నడుస్తున్నాను. ఇంకో పది అడుగుల్లో వదిలెయ్యాలి.

అప్పుడు ఓబులేసు నన్ను చూశాడు. హిందీ పోయింది, అరబ్బీ పోయింది.

"కట్లేదు పెద్దసారూ! ఈ పక్క తీగ కట్లేదు! తిరుగుతాండాది!"

ఆ మైదానంలో ఆ మాట అర్థమైనవాణ్ని నేనొక్కణ్నే.

నేను అరిస్తే కెప్టెన్‌కి వినబడదు. ఎదురుగా పరిగెత్తితే ప్రొపెల్లర్ ఉంది. పైగా ముందు సీట్లో మనిషి, వాడి ముందు నిలువు గుంజ, తీగలు. ఎదుట నిలబడ్డవాడు పైలట్‌కి సరిగా కనబడడు. నేను చేసిన పని ఆలోచించి చేసింది కాదు. నా చేతుల్లో ఉన్నది మెలి తిరిగే రెక్క. దాని రెండో కొస కెప్టెన్ చేతిలోని చక్రం. రెక్క వెనక అంచు పట్టుకుని ఒళ్లంతా వేసి కిందికి గుంజాను. వదిలి మళ్లీ గుంజాను.

కెప్టెన్ చేతుల్లో చక్రం తన్నుకుంది. ఆయన చటుక్కున ఎడమవైపు చూశాడు. నా కుడిచేతి వేళ్లన్నీ ఒకచోట చేర్చి పైకి పెట్టి చూపించాను. కువైట్‌లో బండి నడిపే ప్రతివాడికీ తెలిసిన సంజ్ఞ అది. ఆగు, ఓపిక పట్టు అని. ఎన్నోసార్లు సిగ్నళ్ల దగ్గర నా మీదికి కోపంగా విసిరినవాళ్లు ఉన్నారు.

ఇంజిన్ ఆగింది. విమానం ఇంకొంచెం దొర్లి నిలబడింది. నేను మోకాళ్ల మీద పడి ఉన్నాను. ఓబులేసు ఇంకా ఎడమవైపే చూస్తున్నాడు, గొట్టం మళ్లీ తిరుగుతుందేమో అన్నట్టు.

ఎవరి మాట

ముందుగా వచ్చింది డిమెల్లో. రెక్క ఎందుకు గుంజావు, గుడ్డ చిరిగితే ఎవరిది బాధ్యత అని నా మీద మండిపడ్డాడు. కెప్టెన్ దిగి ఎడమ రెక్క కిందికి వంగి వెళ్లాడు. ఇత్తడి గొట్టం మీద రెండు వేళ్లు పెట్టి తిప్పాడు. ఊరగాయ జాడీ మూతలా తిరిగింది. అది ఎంత వదులైందో మరలు చూస్తే తెలుస్తోంది. పక్కది కూడా అంతే.

బయటికి వచ్చాక ఓబులేసుని దింపమన్నాడు. అతను దిగి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

పని పూర్తయిందని వీడే చెప్పాడు, అన్నాడు డిమెల్లో. ఆ మాటలో అబద్ధం లేదు, ఆయన విన్నది అదే. ఇప్పుడు కూడా సీట్లోంచి అదే మాట అరిచాడు, మీరంతా విన్నారు కదా, అని అతిథుల్ని సాక్ష్యానికి పిలిచాడు. వాళ్లు తలూపారు.

ఓబులేసు నా వైపు తిరిగి, "నేను చెప్తి గదా సార్, వైరు ఖలాస్ అని. అప్పుడూ చెప్తి, ఇప్పుడూ చెప్తి. ఇంగెట్ల జెప్పాల?" అన్నాడు.

ఇద్దరూ ఒకే వాక్యాన్ని చూపించి తమది సత్యమంటున్నారు. నేను కెప్టెన్‌కి ఇంగ్లీషులో విడమరిచి చెప్పాను. ఆయన విని, అరబ్బీ మా భాష, అందులో వీళ్లిద్దరూ నన్ను చంపబోయారు, అన్నాడు. అప్పుడు కూడా నవ్వలేదు.

బూ ఫహద్‌కి అతిథుల ముందు తలవంపులుగా ఉంది. ఎవరో ఒకర్ని పంపించెయ్యాలన్నట్టు డిమెల్లో వైపు చూశాడు. ఇక్కడ అలాంటి చూపు ఎవరి మీద వాలుతుందో అందరికీ తెలుసు. ఓబులేసు వీసాకి పూచీ పడ్డ కఫీల్ బూ ఫహదే. ఓబులేసు తల వంచుకున్నాడు.

కెప్టెన్ యూసుఫ్ అరబ్బీలో అన్నది నాకు అర్థమైంది. వీణ్ని పంపిస్తే వచ్చే వారం నా ముందు సీట్లో ఎవరు కూర్చుంటారు? నాకు తీగల్ని చూసేవాడు కావాలి. వీడు కాకపోతే నేనూ రాను.

ఆ సంభాషణ అంతటితో ముగిసింది.

నా అభిప్రాయం

డిమెల్లో చెడ్డవాడు కాదు. అతిథుల్ని చూసి కంగారు పడిన మనిషి, అంతే. మొహంలో నవ్వు చూసి పని చూసినట్టు అనుకున్నాడు. అతిథులు రాకముందు రెక్క కింద ఒక్కసారి వంగి ఉంటే సరిపోయేది.

ఓబులేసుకి కూడా గట్టిగా చెప్పాను. చుట్ట అయిపోయిందని ఒకసారి చెప్పి ఊరుకోవడం పని కాదు. కట్టని తీగ మీద ఎర్రగుడ్డ ముక్క ముడేసి ఉంచు. ఎవరో కట్టి ఉంటారనుకుని సీటెక్కావు, ఎక్కే ముందు చూసుకోవా అన్నాను. "టీ తాగతాండంగ ఎక్కించేస్రి సార్," అన్నాడు. టీ గ్లాసు చేతిలో ఉన్నంత మాత్రాన కళ్లు ఎక్కడికి పోయాయన్నాను.

కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇదే. గల్ఫ్‌లో మనం నాలుగు భాషలు కలిపి ఒక పని భాష తయారు చేసుకున్నాం. బజారులో అది చాలా బాగుంటుంది. కూరగాయలు కొనడానికి, టాక్సీ పిలవడానికి ఇంతకంటే హాయైన భాష లేదు. విమానం దగ్గర మాత్రం ఒకే మాటకి మూడు అర్థాలుంటే అది మాట కాదు, వదులైన తీగ. ఏం చేశావో క్రియతో చెప్పండి. కట్టాను, కట్టలేదు, తెగింది, బిగించాను. ఏ భాషలో చెప్పినా సరే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మన నోటికి ఏ భాష వస్తుందో ఓబులేసుని చూసి తెలుసుకున్నాను. అవతలివాడికి ఆ భాష రాకపోతే ముందే నేర్పి పెట్టుకోవాలి.

కెప్టెన్ అదే చేశాడు. ఆ రోజు ఓబులేసు సీట్లోంచి అరిచిన మాటలు నా చేత మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. కట్లేదు అంటే ఏమిటి, కట్టేస్తే ఏమనాలి అని అడిగాడు. కట్టాను అనడానికి ఓబులేసు ఊరి మాటలో కట్టినా అంటారని చెప్పాను.

ముందు సీటు

తర్వాతి వారం కొత్త చుట్టతో ఎడమ రెక్క మొత్తం కట్టాం. నేను సలీం సాబ్‌లా ఓబులేసుని దూరంగా పంపేసి ఒక్కో తీగా ఒంటరిగా చూశాను. అతిథులు లేరు. బూ ఫహద్ కూడా కారులోనే కూర్చున్నాడు.

ఓబులేసుని ఎక్కమని ఎవరూ అనలేదు. డిమెల్లో అతనివైపు చూడను కూడా చూడలేదు. నాకు మాత్రం భయంగానే ఉంది. వద్దులే, ఇసుక బస్తా పెడదాం అని అతనితో నెమ్మదిగా అన్నాను. అతను మఫ్లర్ చుట్టుకుని, ఎడమ రెక్క కిందికి వంగి, ప్రతి గొట్టం దగ్గరా చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తర్వాత తనంతట తనే ఎక్కి కూర్చున్నాడు.

కెప్టెన్ వెనక సీట్లోంచి ఒక్కో తీగ వైపు వేలు చూపించి గట్టిగా అడిగాడు. "కట్టినా?"

"కట్టినా సార్."

"కట్టినా?"

"కట్టినా."

కువైటీ నోట్లో రాయచోటి మాట వింతగా పలికింది. నవ్వడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాల్లేదు. దుంగలు లాగేశారు. కొస పట్టుకుని నేను పక్కన నడిచాను, తర్వాత పరిగెత్తాను, తర్వాత వదిలేశాను.

విమానం పోతున్నకొద్దీ తోక లేచింది. చక్రాల కింద దుమ్ము ఆగిపోయింది. దుమ్ము ఆగిందంటే నేల విడిచిందని అర్థం. పెద్ద ఎత్తు కాదు, రెండు డేరాలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత. ఎడమ రెక్క ఒక్కసారి కిందికి వాలింది. కొస మెలి తిరిగింది, రెక్క మాట విని మళ్లీ పైకి వచ్చింది. ఎండ రెక్కల గుడ్డలోంచి దూరి లోపలి బద్దలు ఒక్కొక్కటీ కనబడ్డాయి. బాట చివర్లో మెల్లిగా దిగి, ఒకసారి గెంతి, నిలబడింది.

అందరికంటే ఆలస్యంగా చేరుకున్నాను, వయసు వల్ల. డిమెల్లో అప్పటికే ఓబులేసు భుజం మీద చెయ్యి వేసి దింపుతున్నాడు. బూ ఫహద్ కారు దిగి వచ్చాడు. ఆ విమానంలో ముందు సీటు మనిషి ఏం చూశాడో చెప్పాలి కదా, అప్పటి ఆనవాయితీ అదే కదా అని సరదాగా అన్నాడు. ఎడారి ఎలా కనబడింది, డేరాలు కనబడ్డాయా, మా కార్లు కనబడ్డాయా అని నా చేత అతన్ని అడిగించాడు.

ఓబులేసు మఫ్లర్ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఏం జూస్తి సార్, నా మొగం. పోయినంతసేపూ ఎడంపక్క తీగలే సూస్తాంటి," అన్నాడు.

నేను ఆ మాట ఉన్నదున్నట్టు అరబ్బీలోకి మార్చి చెప్పాను.